బ్లాగర్లతో మాట కలపాలంటే: నాయకుల ఆఫీసుల్లో అపోహలు, వాస్తవాలు

ఎన్నికల ప్రచారాల్లో మీడియా పని చూస్తుంటాను. సొంతంగా రాసుకునే బ్లాగర్ల ప్రస్తావన వస్తే చాలు, ఏ నాయకుడి ఆఫీసులోనైనా ఇవే మాటలు.

అపోహ: "వాళ్లను చదివేదెవరు? పేపర్లో వస్తే చాలు."

వాస్తవం: చదివేవాళ్లు కొద్దిమందే కావచ్చు, కానీ అందులో విలేకరులూ ఉంటారు. 2002 డిసెంబర్ 5న అమెరికా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ నూరో పుట్టినరోజు వేడుకలో రిపబ్లికన్ నేత ట్రెంట్ లాట్ నోరుజారారు. 1948లో జాతి వేర్పాటును సమర్థిస్తూ అధ్యక్ష పదవికి పోటీపడిన థర్మండ్ అప్పుడే గెలిచి ఉంటే దేశానికి ఇన్ని సమస్యలు వచ్చేవి కావన్నారు. పత్రికలు చాలావరకు మొదట్లో పట్టించుకోలేదు. బ్లాగర్లు మాత్రం వదల్లేదు, ఆయన పాత మాటలన్నీ తవ్వి తీశారు. డిసెంబర్ 20న లాట్ నాయకత్వం నుంచి తప్పుకున్నారు.

అపోహ: "మీడియా లిస్టులో వాళ్ల మెయిల్ ఐడీలు కూడా చేర్చేస్తే సరి."

వాస్తవం: ఎక్కువగా పని చెడేది ఇక్కడే. విలేకరికి రోజూ వార్త ఇవ్వాల్సిన ఒత్తిడి ఉంటుంది, ప్రెస్ నోట్ పనికొస్తుంది. బ్లాగరుకు ఆ తొందర లేదు. ఏళ్ల తరబడి భూగర్భజలాల మీద రాస్తున్న మనిషికి "గౌరవనీయ సంపాదకులకు" అంటూ ప్రారంభోత్సవం నోట్ పంపితే ఏమవుతుంది? చదవకుండా పక్కన పడేస్తారు. ఒళ్లు మండితే స్క్రీన్‌షాట్ తీసి నలుగురిలో నవ్వులపాలు చేస్తారు.

నేను రాయించే మెయిల్ ఐదారు వాక్యాలు దాటదు. "బోర్ల లోతు మీద మీరు రాసింది చదివాం. రెండో పట్టికలో పాత లెక్కలున్నాయి, కొత్తవి జత చేశాం. సబ్సిడీ విషయంలో మా నాయకుడి అభిప్రాయం వేరు, కారణం ఇదీ. మాట్లాడతామంటే గురువారం సాయంత్రం అరగంట ఆయన ఖాళీ." కింద పంపినవారి పేరు, ఫోన్ నంబరు. ఆ జత చేసిన పత్రమే బ్లాగరుకు అసలు అవసరం. నాయకుడి నవ్వుతున్న ఫోటో ఎవరికి కావాలండీ! "ఫలానా తేదీలోగా పోస్ట్ చేయగలరు" అని మాత్రం రాయొద్దు, వాళ్లు మన ఉద్యోగులు కారు.

అపోహ: "తిట్టేవాళ్ల జోలికి వెళ్లకూడదు."

వాస్తవం: బూతులు తిట్టేవాళ్ల సంగతి సరే. లెక్కలు చూపించి విమర్శించేవాళ్లకు జవాబివ్వాల్సిందే, అదీ నాయకుడి పేరుతోనే. అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా జాన్ రాబర్ట్స్ నియామకానికి ఓటేసిన డెమొక్రాట్ సెనేటర్ల మీద 2005లో, ఆ పార్టీ వైపు మొగ్గే డైలీ కోస్ బ్లాగులో విమర్శలు వెల్లువెత్తాయి. అప్పట్లో సెనేటర్‌గా ఉన్న బరాక్ ఒబామా ఆ నియామకానికి వ్యతిరేకంగా ఓటేసినా, అదే బ్లాగులోకి వెళ్లి తన సహచరులను సమర్థిస్తూ పెద్ద పోస్టు రాశారు. అందరూ ఒప్పుకోకపోయినా, చర్చ జరిగింది.

అపోహ: "కాస్త డబ్బిస్తే మనవైపు రాస్తారు."

వాస్తవం: రాసేవాళ్లు ఉంటారు, కాకపోతే అది ప్రకటన. 2004లో అమెరికాలోని సౌత్ డకోటా సెనేట్ ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి జాన్ థూన్ ప్రచార బృందం ఇద్దరు బ్లాగర్లకు డబ్బు చెల్లించిన సంగతి తర్వాత బయటపడి రచ్చయింది. ఇస్తే పోస్టు మీదే ఆ మాట రాయించండి, ఖర్చుల లెక్కలోనూ చూపించండి.

అపోహ: "ఆఫ్ ది రికార్డ్ అంటే వాళ్లకూ తెలుసు."

వాస్తవం: రాయకూడదనే షరతుతో మాట్లాడుకునే ఆ అలవాటే కొందరికి ఉండదు. ఏది రాయొచ్చో ఏది కూడదో ఫోన్ కలిపిన వెంటనే తేల్చుకోండి. అన్నీ చెప్పేశాక "ఇది రాయకండి" అంటే వినాల్సిన బాధ్యత వాళ్లకు లేదు.