ఇంజినీరింగ్ డిగ్రీ లేని డెవలపర్లు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు పిల్లల చదువు తిన్నగా సాగేది తక్కువ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆ తర్వాత ఐటీఐ లేదా ఆర్ట్స్‌తో ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీని అలా అంటారు). సాఫ్ట్‌వేర్ అనగానే వీళ్లను వెనక్కి లాగే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బీటెక్ లేకపోతే ఇక దారి లేదు.

వాస్తవం: ఒక దారి నిజంగానే మూసి ఉంటుంది. క్యాంపస్‌లకు వచ్చే పెద్ద కంపెనీలు డిగ్రీ, మార్కుల శాతం చూసే దరఖాస్తులు వడకడతాయి. అక్కడ ఏళ్లు పోగొట్టుకోవద్దు. పది ఇరవై మందితో నడిచే విశాఖ, భువనేశ్వర్ కంపెనీలను వెతకండి. పని చూపిస్తే మాట్లాడేది ఎక్కువగా అలాంటివాళ్లే. కంప్యూటర్ డిగ్రీ కావాలనుకుంటే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో బీసీఏ దూరవిద్యలో చేయొచ్చు, కొరాపుట్‌లోనే ప్రాంతీయ కేంద్రం ఉంది.

అపోహ: ఇంగ్లీషు గడగడా మాట్లాడాలి.

వాస్తవం: ముందు కావలసింది చదవడం. ప్రోగ్రాంలు రాసే భాష పైథాన్‌లో ఎర్రర్ వస్తే తెర నిండా వరుసలు పడతాయి. చివరి వరుస మొదట చదవండి, తప్పేమిటో అందులో ఉంటుంది. దాని పైన ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి. ప్రతి కొత్త ఎర్రర్‌నూ తెలుగులో రాసిపెట్టుకోండి: "నేమ్‌ఎర్రర్ - ఆ పేరుతో ఏదీ లేదు, స్పెల్లింగ్ చూడు". కొన్నాళ్లకు వచ్చినవే మళ్లీ వస్తున్నాయని మీకే తెలుస్తుంది.

అపోహ: ఖరీదైన ల్యాప్‌టాప్, ఆగని నెట్ ఉండాలి.

వాస్తవం: 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చాలు. పాత హార్డ్ డిస్క్ ఉంటే ముందు దాన్నే మార్చండి. పైథాన్ డాక్యుమెంటేషన్ ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా చదవొచ్చు. కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచే గిట్‌లో కమిట్‌కు (మార్పును మీ ల్యాప్‌టాప్‌లో నమోదు చేయడానికి) నెట్ అక్కర్లేదు, పుష్ చేసేటప్పుడే (ఆన్‌లైన్‌కు పంపేటప్పుడే) కావాలి.

అపోహ: కోర్సులు, సర్టిఫికెట్లు పోగేస్తే ఉద్యోగం వస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. వీడియో చూస్తూ టైపు చేసిన ప్రాజెక్టు వేలమంది దగ్గర ఒకేలా ఉంటుంది. మీ వీధి కిరాణా కొట్టుకు అప్పు ఖాతా రాసే ప్రోగ్రాం చేయండి. పేరు, ఫోన్ నంబరు, అప్పు, జమ, తేదీ. అంతే. అసలు చిక్కులు కొట్టువాళ్లు వాడటం మొదలుపెట్టాక బయటపడతాయి.

మొదటిది డబ్బు. కంప్యూటర్ దశాంశాలను బైనరీలో (0, 1 అంకెలతో) దాస్తుంది, 0.1 లాంటివి అందులో సరిగ్గా ఇమడవు కాబట్టి పైథాన్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. రూ.12.50ని 1250 పైసలుగా, పూర్ణసంఖ్యలో దాచండి. చూపించేటప్పుడు మాత్రమే రూపాయల్లోకి మార్చండి.

రెండోది పేర్లు, మన సరిహద్దులో తప్పని చిక్కు. "తెలుగు" పొడవు అడిగితే పైథాన్ మూడు అనదు, ఆరు అంటుంది, గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెడుతుంది కాబట్టి. పేరును 5 దగ్గర కత్తిరిస్తే "తెలుగ" మిగులుతుంది. ఒడియాలో ఇంకా ఇబ్బంది. రాయగడ పేరులో ఒడియావాళ్లు రాసే చుక్క డ ఒకే కోడ్‌గా రావచ్చు, డ వేరు చుక్క వేరుగానూ రావచ్చు. కంటికి రెండూ ఒకటే, ప్రోగ్రాంకు వేరు. అందుకే ఖాతా ఉన్నా వెతికితే దొరకదు. పేరు దాచేటప్పుడూ వెతికేటప్పుడూ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ పద్ధతిలో నార్మలైజ్ చేయండి (రెండు రూపాలనూ ఒకే రూపంలోకి మార్చండి), పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఒక్క లైను పని.

ఇలాంటి తప్పు ఎందుకొచ్చిందో, ఎలా సరిచేశారో రీడ్‌మీ ఫైల్లో (ప్రాజెక్టు గురించి వివరించే ఫైలు) రాయండి. ఇంటర్వ్యూలో అసలు సంభాషణ అక్కడే మొదలవుతుంది.

అపోహ: లెక్కల్లో దిట్టలకే ఇది.

వాస్తవం: మెషీన్ లెర్నింగ్‌కు, గేముల గ్రాఫిక్స్‌కు లెక్కలు బాగా కావాలి. వెబ్‌సైట్లు, ఖాతాల ప్రోగ్రాంలకు పదో తరగతి లెక్కలు సరిపోతాయి.

అపోహ: డబ్బు కట్టి అనుభవం సర్టిఫికెట్ తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: దయచేసి ఆ జోలికి పోకండి. చాలా కంపెనీలు పీఎఫ్ యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) రికార్డు తెరిచి ఎప్పుడు ఎక్కడ పనిచేశారో సరిచూస్తాయి. చేరిన నెలల తర్వాత బయటపడినా తీసేస్తారు. దాని బదులు రెజ్యూమెలో ఉన్నదే రాయండి: ఏ దుకాణం, ఎన్ని నెలలుగా వాడుతున్నారు, రోజుకు ఎన్ని పద్దులు ఎక్కుతున్నాయి. కొట్టు యజమాని ఒప్పుకుంటే ఆయన ఫోన్ నంబరు కూడా ఇవ్వండి.