పంది మాంసం నీళ్ళోడితే తప్పు షెడ్డుదా? అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్ళీ అదే ఫోను. "డాక్టరుగారూ, మనవి షెడ్డు పందులు కదా, తిరుగుడు లేదు. మాంసం పాలిపోయింది, నీళ్ళు కారుతోందని కొట్టాయన కిలోకి ఇరవై రూపాయలు కోసేశాడు. రేపట్నుంచి రోజూ చేలో తిప్పమంటారా?"

పాపం, మనిషి గొంతులో వణుకు. బ్యాంకు అప్పుతో షెడ్డు వేసినవాడి భయం నాకు తెలుసు. కానీ ఈ పుకారు పుట్టించినవాళ్ళు ఎదురుపడితే మాత్రం నాలుగు మాటలు అనాలనుంది.

అపోహ: తిరుగుడు లేని పంది మాంసం నీళ్ళోడుతుంది.

ఆరేడు నెలలు షెడ్డులో పడుకున్నందుకు వచ్చిన నీళ్ళు కావవి. చాలావరకు చివరి ఐదారు గంటల్లో మన చేతులారా తెచ్చుకున్నవి. కోశాక కండలో నిల్వ ఉన్న చక్కెర, అంటే గ్లైకోజెన్, లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం పెరిగేకొద్దీ పి.హెచ్. అనే కొలత తగ్గుతుంది. 7 దగ్గరున్న ఆ పి.హెచ్. ఒక రోజులో మెల్లగా 5.6 దాకా దిగాలి. అలా దిగితే మాంసం గులాబి రంగులో, బిగువుగా ఉంటుంది. కోతకు ముందు పందిని తరిమి, కొట్టి, బెదరగొడితే ఆ ఆమ్లం ప్రాణం ఉండగానే పుట్టడం మొదలవుతుంది. కోసిన ముప్పావుగంటకే పి.హెచ్. 6 కిందికి పడిపోతుంది. అప్పటికి ఒంటి వేడి ఇంకా చల్లారదు. ఆ వేడికి ఆమ్లం తోడైతే కండలోని ప్రోటీన్లు దెబ్బతిని నీటిని పట్టుకోలేవు. పాలిపోయి, మెత్తబడి, నీళ్ళోడే ఈ మాంసాన్నే మేం పి.ఎస్.ఇ. అంటాం.

నాలుగేళ్ళ కిందట ఒక ఫామ్‌లో కళ్ళారా చూశాను. మే నెల, మధ్యాహ్నం రెండింటికి బండి వచ్చింది. ర్యాంపు లేదు. చెవులూ తోకలూ పట్టి లాగి ఎక్కించారు, వెనకనుంచి కర్రలు. నాలుగు గదుల పందుల్ని ఒకే బండిలో కుక్కితే ఎక్కీ ఎక్కగానే కుమ్ములాట. దించీ దించగానే కోత. ఒక పంది దారిలోనే చచ్చింది. "షెడ్డు పంది కదా సార్, దమ్ముండదు" అన్నాడు యజమాని. నేనేమన్నానో ఇక్కడ రాయలేను.

తర్వాతి బ్యాచ్‌కి షెడ్డు అదే, దాణా అదే. మట్టితో వాలుగా ర్యాంపు పోయించాను. ముందురోజు రాత్రే మేత ఆపించి, నీళ్ళు మాత్రం ఉంచాం. తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కించాం. కర్రల బదులు చేతిలో ప్లైవుడ్ పలక. దాన్ని అడ్డుపెట్టి నడిపిస్తే పంది తనంతట తానే కదులుతుంది. ఏ గది పందులు ఆ గదివే కలిసి ఉండేలా బండిలో అడ్డంగా తడిక కట్టాం. దించాక మూడు గంటలు నీడన పడుకోబెట్టి నీళ్ళు చల్లాం. ఈసారి కొట్టాయన ఒక్క మాట అనలేదు. ఆయన నోటినుంచి అంతకు మించిన మెప్పు రాదు.

దీనికి తిరగబడ్డ రకమూ ఉంది. కొత్త పందుల్ని కలిపేసి రాత్రంతా కొట్టుకోనిస్తే గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది. పి.హెచ్. 6 పైనే ఆగిపోయి మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది, త్వరగా చెడుతుంది. దాన్ని చూసి "ముసలి పంది" అంటారు.

జాతి దోషం కాదా అని అడిగేవాళ్ళున్నారు. ఒత్తిడికి కుప్పకూలే లక్షణానికి కారణమైన జన్యుమార్పును 1991లో గుర్తించారు. పియట్రెయిన్ జాతిలో అది ఎక్కువ. మన దగ్గరుండే లార్జ్ వైట్ యార్క్‌షైర్‌లో అరుదు. కాబట్టి ముందు బండి ఎక్కించే పద్ధతి చూసుకోండి.

అపోహ: వ్యాయామం చేయిస్తే త్వరగా పెరుగుతాయి, రుచి వస్తుంది.

పందుల్ని వారాల తరబడి రోజూ నడిపించి చూసిన ప్రయోగాల్లో పెరుగుదలలోగానీ మాంసంలోగానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా నడకకు అయ్యే దాణా మీ జేబులోదే. స్పెయిన్ ఐబేరియన్ పందుల వీడియోలు నాకు పంపకండి. ఆ రుచి ఆ జాతి కొవ్వుది, అవి తినే ఓక్ కాయలది. అలాగని ఇరికించి పెంచమని కాదు. పెరిగే పందికి ఒక్కోదానికి 0.9 నుంచి 1.8 చదరపు మీటర్ల కప్పున్న చోటు, అంతే ఆరుబయలు ఇవ్వాలి. తగ్గిస్తే తోకలు కొరుక్కుంటాయి.

అపోహ: పందికి బురద కావాలి.

కావలసింది చల్లదనం. చెమటతో ఒళ్ళు చల్లబరుచుకునే శక్తి పందికి లేదు. వేడెక్కితే ముందు మేత మానేస్తుంది, బరువు ఆగేది అక్కడే. ఎండాకాలం రేకుల మీద కొబ్బరాకులు పరిచి, పందుల మీద నీళ్ళు చల్లి, గాలి ఆడనిస్తే బురద గుంట అక్కర్లేదు.

అపోహ: పంది మాంసం తింటే మెదడులో పురుగు.

బద్దెపురుగు పిల్లలుండే తిత్తులు (చిన్న నీటి సంచులు) ఉన్న మాంసాన్ని సరిగా ఉడకకుండా తింటే పేగులో బద్దెపురుగు వస్తుంది. మెదడులో తిత్తులు ఆ పురుగు గుడ్ల వల్ల. అవి వచ్చేది మనిషి మలం నుంచి. ఊరిమీద తిరిగే పందికి తిత్తులు అంటేదీ అక్కడే. ఈ విషయంలో షెడ్డే నయం.

ఫోను చేసినాయనకు ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "బండి మధ్యాహ్నం రెండింటికే దొరుకుతుంది సార్" అన్నాడు.

"అయితే రేపొద్దు. ఎల్లుండి తెల్లారుజాముకి మాట్లాడుకో" అన్నాను.