‘బై బ్లడ్’: చెరోకీ వంశశోధనను రెండుగా చీల్చిన మాట

2025 జులైలో అమెరికాలోని ఓక్లహోమాలో మస్కోగీ క్రీక్ నేషన్ సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ తెగవారు ఒకప్పుడు బానిసలుగా ఉంచుకున్న నల్లజాతివారి వారసులకు, అంటే ఫ్రీడ్‌మెన్ వారసులకు, తెగ పౌరసత్వం ఇవ్వాల్సిందేనన్నది. పొరుగున ఉన్న చెరోకీ నేషన్‌లో ఇదే తగవు 2021లోనే కోర్టులో తేలిపోయింది. అయినా ఇలాంటి తీర్పు వచ్చినప్పుడల్లా పాత ప్రశ్నలు మళ్లీ పైకొస్తాయి. చెరోకీ వంశం అని ఎవరు చెప్పుకోవచ్చు? దానికి ఏ కాగితం రుజువు?

1838-39 నాటి కన్నీటి బాట కథ చాలామందికి తెలుసు. జార్జియా, టెనసీ ప్రాంతాల నుంచి చెరోకీలను సైన్యం వెళ్లగొట్టింది, దారిలో వేలమంది ప్రాణాలు పోయాయి. ఇవాళ్టి తగవుకు ముడి పడింది మాత్రం అక్కడ కాదు. మరో అరవై ఏళ్లకు, ఇప్పటి ఓక్లహోమాలో భాగమైన ఇండియన్ టెరిటరీలో, గుమాస్తాలు బల్లలు వేసుకుని కూర్చున్న చోట పడింది. (ఈ దస్తావేజుల్లో ‘ఇండియన్’ అంటే అమెరికా ఆదివాసి అని అర్థం.)

ఆ గుమాస్తాలు డాస్ కమిషన్ మనుషులు. 1893లో ఏర్పడిన ఈ కమిషన్ పని, తెగలు ఉమ్మడిగా అనుభవిస్తున్న భూమిని ముక్కలు చేసి మనిషికింత అని పంచడం. 1898 నాటి కర్టిస్ చట్టంతో ఇక తెగ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పని సాగింది. 1902లో కుదిరిన లెక్క ప్రకారం చెరోకీ జాబితాలో పేరున్న ఒక్కొక్కరికి 110 ఎకరాల సగటు భూమికి సమానమైన విలువగల భూమి రావాలి. భూమి పంచాలంటే పేర్ల జాబితా కావాలి. ఆ జాబితాయే డాస్ రోల్. వంశాలు తేల్చడానికి రాసింది కాదది, భూమి పంచడానికి రాసింది. ఈ ముక్క మరిచి వెతికేవాళ్లు మొదటి మెట్టు మీదే తప్పటడుగు వేస్తారు.

వినీటా, ఫోర్ట్ గిబ్సన్ వంటి ఊళ్లలో మనుషులు వరుసల్లో నిలబడ్డారు. గుమాస్తా ప్రమాణం చేయించి పేరు, వయసు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు అడిగేవాడు. 1880, 1896 నాటి చెరోకీ జనాభా లెక్కల్లో పేరుందో లేదో చూసేవాడు. తర్వాత కార్డు రాసేవాడు. కార్డుల్లో రకాలున్నాయి: చెరోకీ బై బ్లడ్, అంటే రక్తసంబంధం రీత్యా చెరోకీ, పెళ్లితో తెగలోకి వచ్చిన తెల్లవారు, డెలావేర్ చెరోకీలు, అంటే చెరోకీ నేషన్‌లో కలిసిన డెలావేర్ తెగవారు, ఫ్రీడ్‌మెన్. బై బ్లడ్ కార్డులో ‘రక్తం’ అని ఒక గడి ఉంటుంది. పూర్తి, సగం, పావు, 1/16 అని అందులో రాశారు. ఫ్రీడ్‌మెన్ కార్డులో ఆ గడే లేదు. దాని బదులు ఆ మనిషి ఎవరి బానిస, తండ్రి ఎవరి బానిస, తల్లి ఎవరి బానిస అన్న గడులున్నాయి.

చూడగానే నల్లజాతి అనిపించినవారిని ఎక్కువగా ఫ్రీడ్‌మెన్ కార్డు మీదకే పంపారు. తండ్రి చెరోకీ అని ప్రమాణం చేసి చెప్పినా చాలామందికి అది లెక్కలోకి రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే 1839 దాకా వెనక్కి వెళ్లాలి. చెరోకీ పౌరులకూ బానిసలకూ, పౌరసత్వ హక్కులేని నల్లజాతివారికీ మధ్య పెళ్లిళ్లను ఆ ఏడు చెరోకీ చట్టం నిషేధించింది. ఆ కలయికల్లో పుట్టిన పిల్లలకు తండ్రి తరఫు వంశం చట్టం దృష్టిలో లేనట్టే. గుమాస్తా ముందు ఆ పిల్లలు చెప్పిన మాట వాంగ్మూలంలో మిగిలింది, కార్డు మీదకు మాత్రం ఎక్కలేదు. అందుకే ఫ్రీడ్‌మెన్ వారసులు కార్డు చూసి ఆగిపోకూడదు. దరఖాస్తు కట్ట తెప్పించి వాంగ్మూలం మొత్తం చదవాలి.

‘బై బ్లడ్’ అన్న మాట డాస్ కమిషన్ పుట్టించింది కాదు. 1866 జులై 19న అమెరికాతో చేసుకున్న ఒప్పందం తొమ్మిదో అధికరణంలో, విముక్తులైన బానిసలకూ వారి సంతతికీ సొంత చెరోకీలతో సమానమైన హక్కులన్నీ ఉంటాయని రాసుంది. 1883లో భూముల తాలూకు 3 లక్షల డాలర్లు పంచాల్సి వచ్చినప్పుడు, ఆ డబ్బు ‘బై బ్లడ్’ చెరోకీలకే అని తెగ కౌన్సిల్ తీర్మానించింది. అప్పటి ప్రిన్సిపల్ చీఫ్ డెనిస్ బుషీహెడ్ దాన్ని వీటో చేశాడు. కౌన్సిల్ వీటోను తోసిపుచ్చి పంపకం కానిచ్చింది. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి అమెరికా ప్రభుత్వం ఫ్రీడ్‌మెన్‌ను వేరుగా లెక్కించాల్సి వచ్చింది. 1890 నాటి వాలెస్ రోల్, 1896-97 నాటి కెర్న్-క్లిఫ్టన్ రోల్ అలా వచ్చినవే. డబ్బు పంపకం దగ్గర పుట్టిన విభజనే తర్వాత డాస్ కార్డుల మీద శాశ్వతమైంది.

దాని ఫలితం పదేళ్లు తిరక్కుండానే తెలిసింది. 1908 మే 27 నాటి చట్టం, పంచి ఇచ్చిన భూమిని అమ్ముకోకుండా ఉన్న రక్షణను కార్డు చూసి తీసేసింది. ముప్పావు రక్తం, అంతకుమించి ఉన్నవారి భూమికి రక్షణ మిగిలింది. సగానికి తక్కువ రక్తమున్నవారికీ, ఫ్రీడ్‌మెన్‌కూ, వాళ్లలోని మైనర్లకు కూడా, మొత్తం రక్షణ పోయింది. పిల్లల పేరున ఉన్న భూములు సంరక్షకుల చేతుల మీదుగా అమ్ముడైపోయాయి. కౌంటీ కోర్టుల్లో ఈ సంరక్షకత్వ ఫైళ్లు ఉంటాయి. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. పిల్లల పేర్లు, వయసులు, బంధువుల వివరాలు ఇంత స్పష్టంగా రాసి ఉండేవి వేరే చోట తక్కువ కాబట్టి వాటిని వదలకూడదు.

ఇప్పుడు వెతికే పద్ధతికి వద్దాం. మొదటి మెట్టు డాస్ రోల్ కాదు. మీ నుంచి మొదలుపెట్టి ఒక్కో తరం కాగితంతో రుజువు చేసుకుంటూ 1900 నాటికి బతికున్న పూర్వీకుడి దాకా వెళ్లాలి. 1900, 1910 అమెరికా జనాభా లెక్కల్లో ఇండియన్లకు వేరే పత్రాలున్నాయి. అక్కడ కుటుంబం ఏ ఊళ్లో, ఎవరెవరితో ఉందో చూసుకున్నాకే డాస్ సూచిక తెరవాలి. పేరు కలిసింది కదా అని ఎవరో ఒకరిని తాత చేసుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. వయసు, భార్య లేదా భర్త పేరు, పిల్లల వరుస, మూడూ కలవాలి.

సూచికలో రెండు అంకెలు కనిపిస్తాయి. రోల్ నంబరు మనిషిది, కార్డు నంబరు కుటుంబానిది. దరఖాస్తు కట్టను కార్డు నంబరు మీద వెతకాలి. దాంతోపాటు రకం కూడా చెప్పాలి. బై బ్లడ్‌లో ఉన్న నంబరే ఫ్రీడ్‌మెన్‌లోనూ, మైనర్లలోనూ, అనుమానాస్పదులకు పెట్టిన డి కార్డుల్లోనూ, తిరస్కరించిన ఆర్ కార్డుల్లోనూ ఉండొచ్చు. రకం చెప్పకపోతే వేరే కుటుంబం కట్ట చేతికొస్తుంది. కార్డులు నేషనల్ ఆర్కైవ్స్ మైక్రోఫిల్మ్ ఎం1186లో, దరఖాస్తులు ఎం1301లో ఉన్నాయి. మూల పత్రాలు టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ శాఖలో భద్రపరిచారు.

ఆర్, డి కార్డులను చూసి నీరసపడొద్దు. డాస్ కమిషన్ పేర్లు రాసుకున్న అయిదు తెగల్లో కలిపి 2.5 లక్షలకు పైగా మనుషుల తరఫున దరఖాస్తులు వచ్చాయి, ఆమోదించినవి లక్ష పైచిలుకే. తిరస్కరించిన కట్టల్లోనే వాంగ్మూలాలు పొడుగ్గా ఉంటాయి. తిరస్కరణకు కారణం కూడా చదవాలి. ఎన్నో సందర్భాల్లో అది వంశం గురించి కాదు, నివాసం గురించి. ఫ్రీడ్‌మెన్ విషయంలో ఇది మరీ కఠినం. అమెరికా అంతర్యుద్ధంలో చెల్లాచెదురైనవారు 1866 ఒప్పందం ప్రకారం ఆరు నెలల్లో, అంటే 1867 ఫిబ్రవరికల్లా, తిరిగి రావాలి. కాన్సస్ నుంచి నడిచి కొన్ని వారాలు ఆలస్యంగా చేరినవారి కుటుంబాలకు హక్కు పోయింది. ‘యుద్ధం మొదలైనప్పుడు ఎక్కడున్నావు, ఎప్పుడు తిరిగొచ్చావు, ఎవరు చూశారు’ అన్న ప్రశ్నలు ఆ కట్టల్లో పదేపదే వస్తాయి. సాక్షులుగా వచ్చినవారు తరచూ బంధువులే, కాబట్టి ఆ పేర్లు కూడా రాసుకోవాలి.

వెనక్కి వెళ్లేకొద్దీ రెండు దారులూ విడిపోతాయి. బై బ్లడ్ కుటుంబానికి 1896, 1880 చెరోకీ జనాభా లెక్కలు, ఆపై 1852 డ్రెన్నెన్ రోల్ ఉన్నాయి. కన్నీటి బాట మీద వచ్చినవారి పేర్లు డ్రెన్నెన్‌లో, అంతకు ముందే పడమటికి చేరినవారి పేర్లు 1851 ఓల్డ్ సెట్లర్ రోల్‌లో దొరుకుతాయి. 1835 హెండర్సన్ రోల్‌లో ఇంటి యజమాని పేరు మాత్రమే ఉంటుంది, మిగిలినవారు అంకెలే. ఈ దారిలో, చెరోకీలకు రావాల్సిన సొమ్ములో వాటా కోసం పెట్టుకున్న గయాన్ మిల్లర్ దరఖాస్తులు పెన్నిధి. 1907 ఆగస్టు 31 లోపు వచ్చిన దాదాపు 46 వేల దరఖాస్తుల్లో తాత ముత్తాతల పేర్లు, మేనమామలు, మేనత్తలు, చెరోకీ పేర్లు అన్నీ అడిగారు. చెరోకీ పేరు ముఖ్యం, ఎందుకంటే పాత రోల్స్‌లో ఇంగ్లిష్ ఇంటిపేరు ఉండకపోవచ్చు. అన్నదమ్ములు వేర్వేరు ఇంటిపేర్లతో నమోదైన సందర్భాలు ఎన్నో.

ఫ్రీడ్‌మెన్ కుటుంబానికి ఆ పెన్నిధి లేదు, ఆ సొమ్ము రక్తసంబంధం చూపినవారికే కనుక. వాళ్లకు దారి చూపేది యజమాని పేరున్న ఆ గడే. 1867 టాంప్కిన్స్ రోల్, వాలెస్, కెర్న్-క్లిఫ్టన్ జాబితాల తర్వాత, ఆ పేరు పట్టుకుని 1860 బానిసల లెక్కకు వెళ్లాలి. చెరోకీ ప్రాంతపు లెక్క ఆర్కన్సా పత్రాల చివర ‘ఆర్కన్సాకు పడమటి ఇండియన్ భూములు’ అన్న శీర్షిక కింద ఉంది. అందులో బానిసల పేర్లుండవు. యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. తల్లి వయసు, పిల్లల వయసులు వరుసగా కలిశాయా లేదా అన్నదే ఆధారం. తల్లి యజమాని, తండ్రి యజమాని వేరువేరైతే రెండు ఇళ్లూ వెతకాలి.

1983లో ఆ కార్డు మళ్లీ మనుషుల మీదకు వచ్చింది. పౌరసత్వానికి రక్తాంశ ధ్రువపత్రం కావాలని చెరోకీ నేషన్ అన్నది. అమెరికా ప్రభుత్వ విభాగమైన బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ ఆ పత్రాన్ని డాస్ కార్డులోని రక్తం గడి నుంచి లెక్కగట్టి ఇస్తుంది. గడే లేని కార్డు నుంచి పత్రం రాదు. అంతవరకు ఓటు వేసిన ఫ్రీడ్‌మెన్ వారసులు ఆ ఏడాది ఎన్నికల్లో వెనుదిరిగారు. 2006లో తెగ న్యాయస్థానం వాళ్ల పక్షాన తీర్పిస్తే, 2007 మార్చిలో జరిగిన ఓటింగ్‌లో సుమారు 77 శాతం మంది రాజ్యాంగాన్ని సవరించి దాదాపు 2,800 మందిని తీసేశారు. పౌరులెవరో నిర్ణయించుకునే హక్కు తెగదే అని అప్పటి చీఫ్ చాడ్ స్మిత్ వాదించాడు. సార్వభౌమత్వం ముఖ్యమే, అయితే ఆ సార్వభౌమ దేశమే 1866లో సంతకం చేసింది. 2017 ఆగస్టు 30న వాషింగ్టన్‌లోని ఫెడరల్ జడ్జి థామస్ హోగన్ సరిగ్గా ఆ ఒప్పందం మీదే ఆధారపడి ఫ్రీడ్‌మెన్ పక్షాన తీర్పు చెప్పారు. 2021 ఫిబ్రవరి 22న చెరోకీ నేషన్ సుప్రీంకోర్టు ‘బై బ్లడ్’ మాటలను రాజ్యాంగం నుంచి, చట్టాల నుంచి తీసేయించింది.

చెరోకీ నేషన్‌లో ఇప్పుడు రక్తాంశానికి కనీస హద్దు లేదు. డాస్ తుది జాబితాలో, అది ఫ్రీడ్‌మెన్ జాబితా అయినా సరే, ఉన్న మనిషికి నేరుగా సంతతి అని చూపాలి. చెరోకీల్లోనే వేరే తెగలు రెండున్నాయి. యునైటెడ్ కీటూవా బ్యాండ్ పావు రక్తం అడుగుతుంది. నార్త్ కరొలైనాలోని ఈస్టర్న్ బ్యాండ్‌కు 1924 బేకర్ రోల్‌లో పూర్వీకుడూ, 1/16 రక్తమూ కావాలి. పూర్వీకులు జార్జియాలోనో టెక్సాస్‌లోనో ఉండిపోతే డాస్ రోల్‌లో వాళ్ల కోసం వెతకడం సాధారణంగా వృథా. టెరిటరీలో నివాసం ఉన్నవారికే అది. ఏ తెగా డీఎన్‌ఏ పరీక్షలో తేలిన జాతి శాతాన్ని చూసి పౌరసత్వం ఇవ్వదు. ఆ పరీక్ష ఫలానా తెగ అని చెప్పలేదు. ఏడు తరాల వెనక 128 మంది పూర్వీకులుంటారు, వారిలో ఒకరి వాటా ఒంట్లో మిగలకపోవచ్చు కూడా.

కాగితాల దగ్గర చివరి చిక్కు ఒకటుంది. ఓక్లహోమాలో జనన నమోదు 1908లో మొదలైంది, ఆ తొలి ఏళ్లలో ఎందరో నమోదు కాలేదు. అలాంటి పూర్వీకుడికి ఆలస్యంగా తీసుకున్న జనన ధ్రువపత్రం ఉందేమో రాష్ట్ర రికార్డుల్లో అడగాలి. డాస్ జాబితాలోని మనిషి దాకా ప్రతి తరానికీ తల్లిదండ్రుల పేర్లున్న, రాష్ట్రం ముద్ర వేసిన అసలు పత్రం కావాలి, జిరాక్సు చెల్లదు. మధ్యలో ఒక్క తరం తప్పినా దరఖాస్తు అక్కడే ఆగుతుంది.