ఇప్పచెట్టు కింద కనబడని ఫ్లాష్

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇప్పపూలు రాత్రిపూట విచ్చుకుని, తెల్లారేసరికి నేలంతా రాలి ఉంటాయి. బుట్టలవాళ్లు ఏరుకోవడానికి రాకముందే గబ్బిలాలు వచ్చి పోతాయి. తీపి రేకులకు ఆశపడి, పనిలో పనిగా పుప్పొడినీ మోస్తాయి. వాటి మొహాన తెల్లటి ఫ్లాష్ కొడితే బెదిరిపోవడం ఖాయం. కాబట్టి ఫొటో తీయాలంటే కంటికి కనబడని పరారుణం (ఇన్‌ఫ్రారెడ్) వెలుగు కావాలి.

వెలుగు తరంగం పొడవును నానోమీటర్లలో కొలుస్తారు; మన చూపు దాదాపు 700 దగ్గర ఆగిపోతుంది, ఆ పైది పరారుణం. కెమెరాలోని సిలికాన్ సెన్సర్ సుమారు 1,100 దాకా పట్టుకోగలదు. ఫ్లాష్‌లోని జినాన్ గొట్టం 800 నుంచి 1,000 మధ్య దండిగా వెలుగు చిమ్ముతుంది. అందుకే కనబడే వెలుగును ఆపి పరారుణాన్ని మాత్రమే వదిలే ఫిల్టర్‌ను ఫ్లాష్ మూతికి కట్టాలి. లెన్సుకి పెడితే మెరుపు మెరుపే!

చిక్కల్లా కెమెరాతోనే. సెన్సర్ ముందు పరారుణాన్ని అడ్డుకునే అద్దం ఉంటుంది. దాన్ని తీయించిన పాత కెమెరా కావాలి. ఇంట్లో మాత్రం విప్పొద్దు: లోపలి ఫ్లాష్ కెపాసిటర్ ఆపేశాక కూడా దాదాపు 300 వోల్టులు దాచుకుని ఉంటుంది.

720 నానోమీటర్ల ఫిల్టర్ అయితే ఎర్రగా మెరుస్తుంది, 850ది మేలు. చవకలో కావాలంటే వెలుగు తగలకుండా కడిగిన (డెవలప్ చేసిన) రంగుల స్లైడ్ ఫిల్మ్ నల్లముక్కలు రెండు పొరలుగా వేయొచ్చు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కుదరదు. దాని నలుపు వెండిది, పరారుణాన్నీ మింగేస్తుంది. ఫిల్మ్‌కీ ఫ్లాష్‌కీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి, లేకపోతే వేడికి బొబ్బలెక్కుతుంది. అంచులకు టేపు చుట్టి, చీకటి గదిలో గోడవైపు పేల్చి చూడండి. సన్నటి తెల్లగీత కనబడితే సందు మిగిలినట్టే. ఫ్లాష్‌లోకి మాత్రం తొంగిచూడొద్దు: కనబడని వెలుగుకి రెప్ప మూతపడదు.

ఆటోమేటిక్ కొలతల్ని నమ్మకుండా మాన్యువల్‌లో పెట్టండి. మూడు మీటర్లకు ఐఎస్ఓ 800, ఎఫ్ 8, సెకనులో 200వ వంతు, ఫ్లాష్ పావు శక్తితో మొదలుపెట్టి సరిచూసుకోండి. కొమ్మ ఆరు మీటర్ల దూరంలో ఉంటే వెలుగు నాలుగో వంతే అందుతుంది, పూర్తి శక్తి కావాలి. పరారుణం కాస్త వెనక్కి ఫోకస్ అవుతుంది కాబట్టి సాయంత్రం వెలుగులో పెట్టిన ఫోకస్ రాత్రికి తప్పుతుంది. 850 నానోమీటర్ల పరారుణ టార్చి వేసి, కెమెరా తెరమీద చూస్తూ సరిచేయాలి. ఫ్లాష్‌ను లెన్సు పక్కనుంచి అర మీటరు జరిపితే కళ్ల మెరుపూ, గాలిలోని దుమ్ము చుక్కలూ తగ్గుతాయి. కెమెరా ముందుండే ఎర్రటి ఫోకస్ దీపాన్ని ఆర్పడం చాలామంది మరిచిపోతారు.

అభయారణ్యమైతే అటవీశాఖ అనుమతి తప్పదు.

పరారుణంలో పచ్చటాకు తెల్లగా వస్తుంది, పాలిపోయిన పూలు అందులో కలిసిపోతాయి. చెట్టు చిగురు తొడగకముందే, కొమ్మలు బోడిగా ఉన్నప్పుడే వెళ్లండి.