జెండా తలకిందులైతే జైలేనా?

రెండేళ్ల కిందట ఆగస్టు 15న ఒంగోలు దగ్గరి ఒక పల్లె బడిలో తాడు లాగగానే పూలు రాలాయి, జెండా విచ్చుకుంది. చూస్తే ఆకుపచ్చ రంగు పైన ఉంది. ప్రధానోపాధ్యాయుడు వెంటనే దించేశారు. తెల్లవారుజామున మసక వెలుతురులో ముడి వేసిన అటెండరు, వణికే చేతులతో మళ్లీ కట్టాడు. రెండు నిమిషాల్లో అంతా సర్దుకుంది. సాయంత్రానికి మాత్రం ఆ వీడియో ఊరూరా తిరిగింది. అటెండరుపై కేసు పెట్టాలన్నారు. ఇప్పుడు మళ్లీ అదే మాట, ఈసారి చట్టాన్నే ఇంకా బిగించాలని.

ఉన్న చట్టం మెత్తనిదేమీ కాదు. 1971 నాటి చట్టం ప్రకారం జెండాను అవమానిస్తే మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి దోషిగా తేలితే కనీసం ఏడాది జైలు తప్పదని 2003లో చేర్చారు.

నా దృష్టిలో అసలు మలుపు 2004 జనవరి 23. అంతకు రెండేళ్ల ముందు వరకు సామాన్యుడు కొన్ని ప్రత్యేక దినాల్లో తప్ప జెండా ఎగరేయడానికి వీల్లేదు. పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ తన ఫ్యాక్టరీపై ఎగరేస్తే అధికారులు అడ్డు చెప్పారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. గౌరవంగా జెండా ఎగరేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని, అయితే దానికీ హద్దులుంటాయని కోర్టు తేల్చింది. ఆఫీసుల మీది జెండా ఇంటింటి జెండా అయింది. ముడి వేయడం సరిగా రాని చేతులూ దాన్ని అందుకున్నాయి. మరుసటి ఏడాదే, 2005లో, కాషాయం కిందికి వచ్చేలా ఎగరేయడాన్ని చట్టంలో చేర్చారు. కానీ 'ఉద్దేశపూర్వకంగా' అన్న మాట పెట్టి మరీ చేర్చారు. కేసు పెట్టమంటున్నవారు ఆ ఒక్క మాట దాటేసి చదువుతున్నారు.

అంతకుముందే, 1986లో, జాతీయగీతం పాడకుండా మౌనంగా లేచి నిలబడినందుకు ముగ్గురు కేరళ విద్యార్థులను బడి నుంచి పంపేస్తే, సుప్రీంకోర్టు వారి పక్షాన నిలిచింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగు న్యాయమూర్తి ఓ.చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం, తత్వం, రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయని, దాన్ని పలచన చేయవద్దని రాశారు.

భయం లేకపోతే విలువ ఉండదని అవతలివారి వాదన. జవాను భౌతికకాయంపై కప్పే జెండా పట్ల వారికున్న ఆవేదన నిజమైనదే. కావాలని తొక్కేవాడికి ఉన్న చట్టం చాలు.

ఆ బడి అటెండరు ఇప్పుడు కాషాయం వైపు కట్టే తాడు కొసకు ముందురోజే పసుపు రాసి పెట్టుకుంటున్నాడు.