రొట్టె మీద దీపస్తంభం, కోడికి సీసపు బిళ్ల

అమెరికాలోని మన శాకాహారులు కొందరు సరుకుల డబ్బా చేతికి తీసుకోగానే వెతికే గుర్తు ఒకటుంది: సున్నాలో ‘యు’ అక్షరం. అది యూదుల కోషర్ ముద్ర, అంటే వాళ్ల మత ఆహార నియమాలకు సరిపోయిందన్న గుర్తు. శాకాహార ముద్ర కాదు. పక్కన ‘పార్వే’ అని ఉన్నా మాంసం, పాలు లేవనే అర్థం. గుడ్డు, చేప ఉండవచ్చు.

కోషర్ మాంసాన్ని కంటితో చూసి గుర్తుపట్టలేం. ఎవరు కోశారు, ఎలా కోశారు, ఊపిరితిత్తులు పరీక్షించారా అన్నదే తేడా. అందుకే మాంసాన్నీ వైన్‌నూ యూదేతరుల చేతుల మీదుగా పంపాలంటే ఒకటి కాదు, రెండు ముద్రలుండాలని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ చెబుతుంది.

ఇజ్రాయెల్‌లో అక్కో పట్టణం దగ్గర, హోర్వత్ ఉజా తవ్వకాల్లో సుమారు 1,500 ఏళ్లనాటి చిన్న మట్టి అచ్చు దొరికింది. దాని ముఖాన యూదుల చిహ్నమైన ఏడు కొమ్మల దీపస్తంభం, పిడి మీద గ్రీకు అక్షరాలు. కాల్చేముందు పిండిముద్ద మీద అద్దేవారు. అప్పట్లో అక్కో క్రైస్తవుల పట్టణం. అక్కడి యూదులకు ఆ రొట్టె తమవాళ్లు చేసిందేనని ఆ అచ్చే చెప్పేది.

ముద్రకు ఖర్చవుతుంది. అది ఎవరు భరించాలన్న తగవు 1888లో న్యూయార్క్‌లో రచ్చకెక్కింది. అక్కడి సనాతన యూదు సమాజాలు అప్పటి రష్యా సామ్రాజ్యంలోని విల్నా నుంచి జేకబ్ జోసెఫ్‌ను ప్రధాన రబ్బీగా, అంటే ప్రధాన మతగురువుగా, పిలిపించుకున్నాయి. మాంసం దుకాణాల్లో మోసాలను అరికట్టాలని ఆయన తనిఖీ అయిన కోడికల్లా సీసపు బిళ్ల కట్టించారు. బిళ్లకు ఒక సెంటు. గృహిణులు మండిపడ్డారు. వాళ్లను పిసినారులనడం అన్యాయం. రష్యా సామ్రాజ్యంలో కోషర్ మాంసం మీద ‘కొరోబ్కా’ పన్ను కట్టి కట్టి విసిగి వచ్చినవాళ్లు చాలామంది. సముద్రం దాటినా అదే పన్ను వెంటాడిందనిపించింది. దుకాణదారులూ ఎదురుతిరిగారు, పోటీ రబ్బీలూ ఆయన అధికారాన్ని ఒప్పుకోలేదు. ఆ ఏర్పాటు కూలిపోయింది. ఆయన 1902లో కన్నుమూస్తే మాత్రం అంతిమయాత్రకు వేలాది మంది తరలివచ్చారు. బతికుండగా ఆ ఆదరణలో పిసరైనా దక్కి ఉంటే బాగుండేది.

1923లో హైంజ్ కంపెనీ శాకాహార చిక్కుడుగింజల డబ్బాల మీద కోషర్ ధ్రువీకరించే యూదు సంస్థ ఆర్థడాక్స్ యూనియన్ వారి సున్నాలోని ‘యు’ కనిపించింది. హీబ్రూ అక్షరం లేదు, దీపస్తంభం లేదు. తెలిసినవాళ్లకే తెలిసే గుర్తు. తనిఖీ రుసుము కంపెనీ చెల్లిస్తుంది. కొనే మనిషి చేతిలోని బిల్లులో ఆ సెంటు విడిగా కనిపించదు.