కాయిన్ డబ్బుతో నడిచే ఇంటర్నెట్‌ని నమ్మొచ్చా? అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఆఫీసులకి, హాస్టళ్లకి నెట్‌వర్క్ వేయడం నా పని. కేబుల్ లాగడం దగ్గర్నుంచి రూటర్ లాగ్స్ చూడటం దాకా నేనే చేసుకుంటాను. ఈమధ్య ఎవరింటికి వెళ్లినా "అన్నా, నెట్ పంచితే కాయిన్లు ఇస్తారంట కదా, నమ్మొచ్చా?" అని అడుగుతున్నారు. కాయిన్లంటే బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కాయిన్లు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

అపోహ: బాక్సు కొని డాబా మీద పెడితే నెలనెలా డబ్బులొస్తాయి.

సత్యనారాయణపురంలో ఒకరింటికి వైఫై పని మీద వెళ్తే, పైన నీళ్ల ట్యాంకు పైపుకి మూరెడు యాంటెన్నా కట్టి ఉంది, దాని కింద బాక్సు, ఎండకి రంగు వెలిసిన ల్యాన్ కేబుల్. విదేశం నుంచి తెప్పించారట, నలభై వేలు దాటిందట. ఇద్దరం కూర్చుని వారం ట్రాఫిక్ చూశాం. చుట్టుపక్కల సెన్సర్లు పంపే డేటాని అందుకుని నెట్‌లోకి చేర్చడం ఈ బాక్సు పని, కానీ ఏ సెన్సర్ నుంచీ ఒక్క ముక్క డేటా రాలేదు. ఊళ్లోనే ఉన్న ఇలాంటి ఇంకో రెండు బాక్సులు, ఇదీ, ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి, వచ్చిన కాయిన్లన్నీ ఆ పలకరింపులకే. అంటే వాడుకునేవాడు కట్టిన డబ్బు అందులో రూపాయి కూడా లేదు, రేపు కాయిన్ కొనేవాళ్లు తగ్గితే ఈయన చేతికొచ్చేదీ తగ్గుతుంది.

ఇలాంటి బాక్సులతోనే నడిచే అమెరికా నెట్‌వర్క్ హీలియం కథ చూస్తే ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. జనం ఇళ్లలో దాని బాక్సులు లక్షల్లో పెట్టుకున్నారు, 2021 నవంబరులో దాని కాయిన్ 50 డాలర్లు దాటింది. 2022 మధ్యలో చూస్తే, అంత నెట్‌వర్క్ మీద డేటా వాడుకున్నందుకు వచ్చిన డబ్బు నెలకి దాదాపు 6,500 డాలర్లే. ఆ ఏడాది జూలైలో, హీలియం తన భాగస్వాములుగా చూపించుకున్న లైమ్, సేల్స్‌ఫోర్స్ కంపెనీలు తాము భాగస్వాములం కాదని బయటికి చెప్పాయి. ఆ ఏడాది చివరికి కాయిన్ 2 డాలర్ల లోపుకి వచ్చేసింది. అలాగని ప్రాజెక్టు మూతపడలేదు, 2023 ఏప్రిల్‌లో సోలానా అనే ఇంకో బ్లాక్‌చెయిన్ (కాయిన్ల లెక్కలు రాసుకునే ఉమ్మడి ఖాతా) మీదికి మారింది, తర్వాత అమెరికాలో మొబైల్ సర్వీసు కూడా మొదలుపెట్టింది. అందుకే నేను "ఇది మోసమా?" అని అడగను. దీన్ని వాడుకుని డబ్బు కట్టేది ఎవరు, నెలకెంత కడుతున్నారు అని అడుగుతాను.

అపోహ: యాప్ మనం వాడని నెట్ మాత్రమే తీసుకుంటుంది, మనకి పోయేదేం లేదు.

నాకు అన్నిటికంటే టెన్షన్ దీని గురించే. కానూరు దగ్గర ఒక హాస్టల్‌లో రాత్రిళ్లు నెట్ పాకుతోందని పిలిచారు. రూటర్ గ్రాఫ్ చూస్తే తెల్లవారుజామున మూడింటికి అప్‌లోడ్ నిండిపోయి ఉంది. వెతికితే మూడో అంతస్తులో ఒక ల్యాప్‌టాప్. బ్యాండ్‌విడ్త్ పంచితే కాయిన్లు వస్తాయని ఆ అబ్బాయి ఒక యాప్ వేసుకుని, మూత దించకుండా పడుకుంటున్నాడు. ఇలాంటి యాప్‌లో అసలు జరిగేదేంటంటే, ఎక్కడో ఎవరో తెరిచే సైట్లు మీ కనెక్షన్ గుండా, మీ ఐపీ అడ్రస్‌తో (నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు) తెరుచుకుంటాయి. ఆ ఎవరో ధరలు పోల్చుకునే కంపెనీ కావొచ్చు, దొంగ లాగిన్లు ప్రయత్నించేవాడు కావొచ్చు, మీకు తెలిసే దారి లేదు. రేపు సైబర్ క్రైమ్ వాళ్లు ఐపీ పట్టుకుని వస్తే ముందు అడిగేది కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందనే, ఆ హాస్టల్లో అది ఓనరు గారి పేరు మీద ఉంది. పైగా చాలా బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో కనెక్షన్‌ని ఇంకొకరికి అమ్మకూడదన్న షరతు ఉంటుంది. ఆ అబ్బాయికి విషయం చెప్తే పాపం నా ముందే తీసేశాడు. దయచేసి మీ ఇంట్లో పిల్లల ఫోన్లు కూడా ఒకసారి చూడండి.

అపోహ: క్రిప్టో మీద టాక్స్ వేశారంటే ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

కాదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, ఆ జూలై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ ఉన్నాయి, నష్టాన్ని వేరే ఆదాయంలో తీసేసుకోవడానికి లేదు. ఇది పన్ను మాత్రమే, ప్రాజెక్టు మంచిదని ఎవరూ ముద్ర వేయలేదు.

అపోహ: డీసెంట్రలైజ్డ్ (ఏ ఒక్కరి చేతిలోనూ లేనిది) కాబట్టి ఎవరూ ఆపలేరు.

2020 నవంబరు 11న ఇన్‌ఫ్యూరా అనే ఒక్క కంపెనీ సర్వీసు ఆగితే ఈథీరియం అనే పెద్ద క్రిప్టో నెట్‌వర్క్ వాలెట్లు, కాయిన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలు చాలా ఇబ్బంది పడ్డాయి. ఈథీరియం నడుస్తూనే ఉంది, కానీ దాన్ని చేరడానికి చాలామంది పెట్టుకున్న దారి ఇన్‌ఫ్యూరానే. నోడ్‌లు (నెట్‌వర్క్‌ని నడిపే కంప్యూటర్లు) వేలల్లో ఉన్నాయంటే చాలదు, అవి ఎవరి సర్వర్లలో ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ మార్చే తాళం ఎంతమంది దగ్గరుంది అనేది చూడాలి.

అపోహ: అయితే అన్నీ మోసాలే.

ఇదీ తప్పే, ఈ మాటకి నాకు బాధేస్తుంది కూడా. జనం ఫైళ్లు నేరుగా ఒకరికొకరు పంచుకునే బిట్‌టొరెంట్ 2001 నుంచి ఉంది, ఏళ్ల తరబడి ఏ కాయినూ లేకుండానే ప్రపంచమంతా వాడింది. ఎవరు బ్రౌజ్ చేస్తున్నారో దాచే టోర్ నడవడానికీ కాయిన్ అక్కర్లేదు. మన డిస్కులో జాగా అద్దెకిస్తే కాయిన్లు ఇచ్చే ఫైల్‌కాయిన్ 2017లో దాదాపు 25.7 కోట్ల డాలర్లు సేకరించి, ఆలస్యమైనా 2020 అక్టోబరులో నెట్‌వర్క్ తెచ్చింది. మొదట్లో అందులో చాలా జాగా ఉత్త డేటాతో నింపినదే, అయినా దాని వెనకున్న ఇంజనీరింగ్ నిజమైనది. అది నిజమైనంత మాత్రాన కాయిన్ రేటు పెరుగుతుందని మాత్రం కాదు.

ఐపీఎఫ్‌ఎస్ అంటే ఒక కంపెనీ సర్వర్ లేకుండా, వాడేవాళ్ల కంప్యూటర్ల మధ్యే ఫైళ్లు పంచుకునే పద్ధతి. "ఐపీఎఫ్‌ఎస్‌లో పెడితే ఫైల్ శాశ్వతం" అనే మాట కూడా వింటుంటాను. దీన్ని మీరే చూడొచ్చు, రూపాయి ఖర్చు లేదు. పాత కంప్యూటర్‌లో ఐపీఎఫ్‌ఎస్ నోడ్ వేసి మీ ఫోటో ఒకటి పెట్టండి, గుంటూరులో ఉన్న ఫ్రెండ్‌ని తన నోడ్ నుంచి తెరవమనండి, తెరుచుకుంటుంది. ఇప్పుడు ఎవరికీ ఇవ్వని ఇంకో ఫోటో పెట్టి, మీ కంప్యూటర్ ల్యాన్ కేబుల్ పీకేసి, దాని లింక్ ఫోన్లో చెప్పి తెరవమనండి. తెరుచుకోదు, ఎందుకంటే ఆ ఫోటో ఉన్నది మీ కంప్యూటర్‌లో మాత్రమే.